రేడియేటర్ మరిగిన చోటల్లా ఒక మజిలీ

బెంగళూరులో పాతికేళ్ళ కిందట స్థిరపడ్డ తెలుగువాళ్ళ ఇళ్ళల్లో పాత ఆల్బమ్ తెరిస్తే ఒక ఫొటో దాదాపు తప్పకుండా దొరుకుతుంది. బానెట్ ఎత్తిన కారు. పక్కన నడుం మీద చేతులేసుకుని నిలబడ్డ ఇద్దరు మగవాళ్ళు. రోడ్డు పక్క పిట్టగోడ మీద స్టీలు క్యారియరు, దాని చుట్టూ పిల్లలు. వెనకాల కొండ మీంచి సన్నగా జారుతున్న నీటిధార. ఆ జలపాతం పేరేమిటని అడిగితే ఎవరికీ గుర్తుండదు. దానికి పేరే ఉండి ఉండదు. బండి వేడెక్కి ఆగింది, ఆగింది కాబట్టి అది కనపడింది.

అంబాసిడర్, పద్మిని, మారుతి 800, ఓమ్ని, తర్వాత సుమో, క్వాలిస్. ఘాట్ ఎక్కేటప్పుడు ఆ కాలపు బండ్లు ఎందుకు ఆగేవో ఇప్పటి పిల్లలకు చెప్పినా అర్థం కాదు. సెకండ్ గేర్లో ఇంజన్ అరుస్తుంటుంది, బండి మాత్రం గంటకు 20 కిలోమీటర్లు దాటదు. ఇంజన్ పుట్టించే వేడి ఎక్కువ, ఎదురుగాలి తక్కువ. ఐదుగురి బండిలో ఏడుగురు, పైన క్యారియర్ మీద హోల్డాలు. దానికి తోడు ఎత్తు. సముద్ర మట్టం దగ్గర 100 డిగ్రీలకు మరిగే నీళ్ళు 2,240 మీటర్ల ఎత్తున్న ఊటీలో 93 డిగ్రీల లోపే మరుగుతాయి. కొండమీద కుక్కర్ లేకుండా పప్పు ఉడకకపోవడానికీ, మూత వదులైన రేడియేటర్ పొంగడానికీ కారణం ఒకటే. మూత బిగుతుగా ఉంటే లోపల ఒత్తిడి పెరిగి నీళ్ళు అంత త్వరగా మరగవు. అందుకే ప్రయాణానికి ముందు తెలిసిన మెకానిక్ మొదట చూసేది ఇంజన్ ఆయిల్ కంటే ముందు ఆ మూత రబ్బరు.

ఇంజన్ వేడి చూపే ముల్లు ఎర్రగీత దగ్గరికి వస్తుంటే చేసే పనులకు ఒక వరస ఉండేది, ఇప్పటికీ అదే వరస. ముందు ఏసీ ఉంటే ఆపాలి. తర్వాత హీటర్ పూర్తిగా పెట్టి అద్దాలు దించాలి. ఎండలో హీటరేమిటని వెనక సీటు గోల పెడుతుంది కానీ, ఇంజన్ వేడిలో కొంత భాగం ఆ దారిన బయటికి పోతుంది. అప్పటికీ ముల్లు దిగకపోతే ముందు వెనకా చూసుకుని, రోడ్డు తిన్నగా ఉన్న చోట ఓరగా ఆపాలి. ఫ్యాను తిరుగుతూ, నీళ్ళు ఇంకా లోపలే ఉంటే ఇంజన్‌ను రెండు నిమిషాలు అలాగే వదలొచ్చు. ఆవిరి బయటికి చిమ్ముతుంటే మాత్రం వెంటనే ఆపెయ్యాలి. మూత జోలికి కనీసం అరగంట వెళ్ళకూడదు. మొహాలు కాల్చుకున్నవాళ్ళంతా ఆ అరగంట ఆగలేనివాళ్ళే. చల్లారాక తడిగుడ్డ మూత మీద వేసి, పావు తిప్పు తిప్పి, బుస్సుమనే చప్పుడు పూర్తిగా తగ్గాకే తియ్యాలి. కాలుతున్న ఇంజన్లో చల్లటి నీళ్ళు ఒక్కసారి కుమ్మరిస్తే లోహం పగులుతుంది. ఇంజన్ స్టార్ట్ చేసి, చెంబుతో కొంచెం కొంచెంగా పొయ్యాలి.

ఆ నీళ్ళు ఎక్కడివి? పక్కనున్న ధారవి. అందుకే ఎక్కడ నీళ్ళు పడుతుంటే అక్కడే ఆపాలనే ఆలోచన డ్రైవర్ మనసులో మొదటి మలుపు నుంచే ఉండేది. కొండ నీళ్ళు కంటికి తేటగా కనపడినా సన్నటి ఇసుక ఉంటుంది, చీర కొంగో తువ్వాలో అడ్డుపెట్టి వడకట్టేవాళ్ళు. ఊరు చేరాక అదంతా తీయించేసి కూలెంట్ సగం, శుభ్రమైన నీళ్ళు సగం పోయించాలి. ఆ రెండో పని చాలామంది మరిచిపోయేవాళ్ళు, వచ్చే వేసవికి రేడియేటర్ తుప్పుతో పూడుకుపోయేది.

ఇంకో రకం ఆగడం ఉండేది. నీళ్ళు బానే ఉంటాయి, ముల్లు మధ్యలోనే ఉంటుంది, బండి మాత్రం రెండు దగ్గులు దగ్గి ఆగిపోతుంది. కార్బురేటర్ బండ్లలో పెట్రోలు పంపు ఇంజన్‌కు అతుక్కుని ఉంటుంది. ఆ వేడికి గొట్టంలో పెట్రోలు ఆవిరైపోతే పంపు ఆవిరినే పీలుస్తుంది, చుక్క కూడా ముందుకు రాదు. మందు చాలా తేలిక. పంపు మీద తడిగుడ్డ చుట్టి పావుగంట కూర్చోవడం. ఆ పావుగంటలో పులిహోర పొట్లాలు విప్పేవాళ్ళు. ఇప్పటి బండ్లలో పంపు ట్యాంకు లోపలే ఉండి ఒత్తిడితో ముందుకు నెడుతుంది, కాబట్టి ఆ జబ్బు పోయింది. పులిహోర కూడా పోయిందనుకోండి, అది వేరే సంగతి.

ఈ బలవంతపు మజిలీలకు అన్నిటికంటే అనువైన దారి కర్ణాటకలోని చార్మాడి ఘాట్. హాసన్, బేలూరు, మూడిగెరె మీదుగా కొట్టిగెహార చేరితే అక్కడినుంచి చార్మాడి ఊరి దాకా పాతిక కిలోమీటర్ల లోపే. జులై, ఆగస్టుల్లో వెళ్తే ఆ పాతిక కిలోమీటర్లలో ఎన్ని ధారలున్నాయో లెక్కపెట్టడం పిల్లలకు ఆట, ఎవరి లెక్కా ఇంకొకరి లెక్కతో కలిసేది కాదు. ఎందుకంటే పొద్దున్న ఉన్న ధార మధ్యాహ్నానికి ఉండకపోవచ్చు. వాన పడిన గంటకు పుట్టి, ఎండ కాసిన పూటకు ఎండిపోయేవే అక్కడ ఎక్కువ. డిసెంబర్లో వెళ్ళి జలపాతాలేవీ అని అడిగేవాళ్ళకు అక్కడ నల్లటి తడి గీతలు తప్ప ఏమీ కనపడవు. కొట్టిగెహారలో నీరు దోసె తిని దిగడం ఒక ఆనవాయితీ. నీరు దోసె పలుచన, కడుపులో బరువు ఉండదు, మలుపుల్లో మంచిది.

2019 ఆగస్టు వానలకు ఆ ఘాట్‌లో కొండచరియలు విరిగిపడి రోడ్డు మూసేశారు. 2018 ఆగస్టులో పక్కనున్న శిరాడి ఘాట్‌కూ అదే గతి. అందుకని వానాకాలం ప్రయాణంలో, బయల్దేరే రోజు ఉదయం ఘాట్ తెరిచి ఉందో లేదో కనుక్కోవడం టిఫిన్ కట్టుకోవడం కంటే ముఖ్యం. రోడ్డు మీద కొత్తగా పడ్డ మట్టి, చిన్న రాళ్ళు, వంగిన చెట్లు, గోడలోంచి బురద రంగు ఊట కనపడితే ఆ కొండ కదులుతోందని గుర్తు. అక్కడ ఆగి చూడకూడదు, దాటిపోవాలి. దాటలేకపోతే వెనక్కి తిరగాలి.

జలపాతం దగ్గర నీళ్ళ భాష కూడా పాతవాళ్ళకు తెలిసేది. తేటగా ఉన్న నీళ్ళు ఉన్నట్టుండి ఎర్రబడితే, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తుంటే, హోరు పెరిగితే, పైన ఎక్కడో వాన దంచిందని అర్థం. మన నెత్తిన ఎండ కాస్తున్నా సరే, పిల్లల్ని ముందు ఒడ్డెక్కించాలి, తువ్వాలు తర్వాత వెతుక్కోవచ్చు. పచ్చగా నాచు పట్టిన రాయి కంటే నల్లగా నునుపుగా మెరిసే రాయి ఎక్కువ మోసం చేస్తుంది, ఎందుకంటే పచ్చదాన్ని చూసి మనమే జాగ్రత్తపడతాం.

జలగలు ఆగుంబేవి. ఏడాదికి సగటున 7,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడే ఊరు అది, అక్కడ చెప్పులేసుకుని గడ్డిలో దిగితే సొంత తప్పే. ఉప్పు, పొగాకు పొడి కలిపి పల్చటి గుడ్డలో మూట కట్టి, తడిపి, మడమల చుట్టూ రుద్దుకునేవాళ్ళు. పట్టుకున్న జలగను లాగితే చర్మం చిరుగుతుంది. సన్నటి కొన వైపు గోరుతో పక్కకు జరిపితే నోరు వదిలేస్తుంది. వదిలాక రక్తం చాలాసేపు కారుతూనే ఉంటుంది, గడ్డకట్టకుండా జలగ ఒక రసం వదులుతుంది కాబట్టి. కంగారు పడక్కర్లేదు, గట్టిగా గుడ్డ కట్టి ఉంచితే చాలు. ఆగుంబే నుంచి సోమేశ్వర వైపు దిగే 14 మలుపులు మరీ ఇరుకు, పెద్ద బండ్లను రానివ్వరు.

మలుపుల దగ్గరకొచ్చాం కాబట్టి కల్హట్టి సంగతి చెప్పాలి. మసినగుడి నుంచి ఊటీకి ఎక్కే ఆ ఘాట్‌లో 36 మలుపులు. తమిళనాడు వైపు ప్రతి మలుపుకూ నంబరు పలక ఉంటుంది, ‘కొండై ఊసి వళైవు’ అని. కొండై అంటే కొప్పు, ఊసి అంటే సూది. కొప్పులో గుచ్చే పిన్నులాంటి వంపు. యేలగిరిలో ఉన్నవి 14 మలుపులే అయినా వాటికి నంబర్లతో పాటు తమిళ కవుల, పాతకాలపు రాజుల పేర్లు పెట్టారు. పలకలు చదువుతూ ఎక్కితే పిల్లలకు కడుపులో తిప్పడం కాస్త తగ్గేది. కొల్లిమలైలో 70 మలుపులు, అక్కడ ఆ ఉపాయం పనిచెయ్యదు.

ఎక్కేటప్పుడు అన్ని మలుపులూ ఒకటి కాదు. మనం ఎడమ పక్క నడుపుతాం, కాబట్టి ఎడమకు తిరిగే పిన్ను మలుపులో లోపలి అంచు మన వాటాకు వస్తుంది. లోపలి అంచు పొడవు తక్కువ, ఎక్కాల్సిన ఎత్తు మాత్రం బయటి అంచుకున్నంతే. అంటే ఆ నాలుగు గజాలు గోడలా నిలబడి ఉంటాయి. బండి ఆగిపోయేదీ, హాఫ్ క్లచ్ మీద నిలబెట్టి క్లచ్ కాల్చుకునేదీ అక్కడే. మలుపు మధ్యలో గేరు మార్చే ప్రయత్నం వద్దు, ముందే ఫస్ట్‌లో వేసుకోవాలి. చిన్న టర్బో డీజిల్ బండ్లు సెకండ్‌లో ఇంజన్ వేగం పడిపోగానే ఊపిరాడనట్టు అయిపోతాయి, వాటికి ఇది మరీ అవసరం. కుడికి తిరిగే మలుపు బయటి అంచున విశాలంగా వస్తుంది, అక్కడ సెకండ్ చాలు. బస్సు దిగుతూ కనపడితే మలుపులోకి దూరకుండా కిందే ఆగాలి, బస్సు తిరగడానికి రోడ్డంతా కావాలి. ఇరుకు దారిలో ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలని మోటారు నిబంధనల్లోనే ఉంది. కారణం సులువు. ఎక్కుతూ ఆగిన బండిని మళ్ళీ కదపడం కష్టం. ఈమధ్య హారన్ కొట్టి దబాయించి దిగేవాళ్ళను చూస్తే, లైసెన్సు పరీక్ష మైదానంలో కాకుండా కల్హట్టిలో పెట్టాలనిపిస్తుంది.

నిజంగా భయపడాల్సింది దిగుడు. ఎక్కిన గేర్లోనే దిగమనేది పాత డ్రైవర్ల మాట. సెకండ్‌లో ఎక్కావా, సెకండ్‌లోనే దిగు. ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకు మలుపు ముందు నాలుగు క్షణాలు గట్టిగా నొక్కి పూర్తిగా వదలాలి. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్ కొట్టి దిగేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. బరువంతా బ్రేకుల మీద పడి అవి కాలిపోతాయి. ఇంజన్ కూడా ఆపేస్తే రెండు మూడు తొక్కుళ్ళకు పెడల్ రాయిలా బిగుసుకుంటుంది, పవర్ స్టీరింగ్ బరువెక్కుతుంది. ఆటోమేటిక్ బండిని ఊరికే డీ‌లో వదిలితే అదే పై గేరుకు పోతుంది, కాబట్టి ఎల్‌లోకో మాన్యువల్‌లోకో మార్చుకోవాలి. కరెంటు బండ్లలో ఇంకో తిరకాసు ఉంది. కొండమీద హోటల్లో రాత్రంతా పెట్టి 100 శాతం నింపుకుని బయల్దేరితే, దిగేటప్పుడు పుట్టే కరెంటు పెట్టుకోవడానికి బ్యాటరీలో చోటుండదు, యాక్సిలరేటర్ వదలగానే బండిని పట్టి ఉంచే బిగి రాదు. 80 శాతం దగ్గర ఆపి దిగడం మేలు.

బ్రేకు కాలుతోందని ముక్కే ముందు చెబుతుంది. పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే లైనింగు వేడెక్కి జారుతోందని, పెడల్ మెత్తగా స్పాంజిలా దిగిపోతే బ్రేక్ ఆయిల్ మరిగి బుడగలు పట్టాయని అర్థం. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమ పీల్చుకుంటుంది, పాతబడేకొద్దీ త్వరగా మరుగుతుంది. రెండేళ్ళకోసారి మార్పించమనేది అందుకే. రెండిటికీ మందు ఆగడమే, అరగంట. కాలిన డ్రమ్ము మీద నీళ్ళు చల్లితే వంకరపోవడమో పగలడమో జరుగుతుంది. వేడి మీదున్న హ్యాండ్ బ్రేకును నమ్మకుండా గేర్లో పెట్టి, చక్రం కింద రాయి పెట్టాలి. బయల్దేరేటప్పుడు ఆ రాయి తీసి పిట్టగోడ పక్కకు విసరాలి. ఎవరో తీయకుండా వదిలేసిన రాయి చీకట్లో స్కూటర్ వాడికి తగిలేది, ఇంట్లో పెద్దవాళ్ళు బండి కదిలాక కూడా ‘రాయి తీశార్రా?’ అని అడిగేది అందుకే.

కల్హట్టిలో దిగుడు ఎన్ని బండ్లను మింగిందో, ఇప్పుడు బయటి బండ్లను ఊటీ నుంచి అటు దిగనివ్వరు. గూడలూరు మీదుగా తిరిగి రావాల్సిందే, సుమారు 30 కిలోమీటర్లు ఎక్కువ. నిజం చెప్పాలంటే చూడ్డానికి ఆ దారే మేలు. పైకారా నీళ్ళు, నడువట్టం టీ తోటలు, ఊసిమలై దగ్గర గూడలూరు లోయ. 2024 మే 7 నుంచి ఊటీకీ కొడైకెనాల్‌కీ ఈ-పాస్ కూడా ఉండాలి, ఇంట్లోనే తీసుకుంటే చెక్‌పోస్టు దగ్గర సిగ్నల్ వెతుక్కునే బాధ తప్పుతుంది.

కొండమీది సరస్సుల గురించి ఎక్కువ చెప్పను. మనవాళ్ళు వాటిని సరస్సులు అనేవాళ్ళు కాదు, చెరువులనేవాళ్ళు, నిజానికి అదే సరైన మాట. ఊటీ చెరువు 1820ల్లో కలెక్టర్ జాన్ సలివాన్ తవ్వించింది, కొడైకెనాల్‌ది 1863లో కట్టింది, పైకారా కరెంటు కోసం కట్టిన జలాశయం. చిక్కమగళూరు దగ్గర అయ్యనకెరె అయితే అచ్చంగా మన సాగునీటి చెరువే, కాకపోతే వెనక బాబాబుడన్ కొండలున్నాయి. వీటిని గాలి లేవకముందే, ఏడున్నరలోపు చూడాలి. ఆ తర్వాత నీళ్ళలో కొండ నీడ చెదిరిపోతుంది, పడవల క్యూ మొదలవుతుంది.

జోగ్ జలపాతానికి వెళ్ళి నిరాశపడి వచ్చినవాళ్ళు మన వీధిలోనే నలుగురు దొరుకుతారు. 253 మీటర్లు దూకే నీళ్ళు నాలుగు సన్నటి దారాల్లా కనపడ్డాయంటారు. పైన 1964లో కట్టిన లింగనమక్కి డ్యామ్ శరావతిని పట్టి ఉంచుతుంది. గేట్లెత్తిన రోజు రాజా, రాణి, రోరర్, రాకెట్ నాలుగూ కలిసి ఒకటే తెర అయిపోతాయి, పొగమంచు పట్టిందంటే ఆ తెరా కనపడదు, చప్పుడే. ఆగస్టు, సెప్టెంబర్లలో డ్యామ్ నీటి మట్టం పేపర్లో చూసుకుని బయల్దేరాలి. శివనసముద్రం కూడా అంతే, కావేరి మీది డ్యాములు వదిలితేనే అక్కడి రెండు జలపాతాలు గగనచుక్కి, బరచుక్కి నిండుగా కనపడేది. 1902లో అక్కడ పుట్టిన కరెంటు ముందు వెళ్ళింది కోలార్ బంగారు గనులకు. ఆ గనుల్లో చెమటోడ్చిన తెలుగువాళ్ళ మనవలు ఇప్పుడు అదే జలపాతం ముందు సెల్ఫీలు తీసుకుంటున్నారు.

కడుపులో తిప్పేవాళ్ళ సంగతి ఒక్క ముక్క. వాంతి మాత్ర బయల్దేరే అరగంట, గంట ముందు వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేస్తే అదీ బయటికే వస్తుంది. నిద్ర తెప్పిస్తుంది కాబట్టి నడిపేవాళ్ళకు పనికిరాదు. ఎండు ఉసిరి ముక్క బుగ్గన పెట్టుకుని, ముందు సీట్లో కూర్చుని, దూరంగా రోడ్డు వైపు చూడాలి. ఫోన్ చూస్తే ఏ ఉసిరీ కాపాడదు. చెవులు మూసుకుపోతే గుటకలు మింగాలి, పసివాళ్ళకు పాలు పట్టాలి. చిప్స్ పొట్లాలు దిండుల్లా ఉబ్బితే సగం కొండ ఎక్కినట్టు. వాటిని కోతులున్న చోట బయట పెట్టకండి, అద్దం దించిన చెయ్యితో సహా లాక్కుంటాయి.

ఇప్పటి బండ్లు దేనికీ ఆగవు. ముల్లు కదలదు, పంపు దగ్గదు. కాబట్టి జనం ఫొటో కోసం ఆపుతున్నారు, అదీ ధార సరిగ్గా కనపడే మలుపు మధ్యలో, వెనక వచ్చేవాడికి కనపడని చోట. వేడెక్కిన అంబాసిడర్‌ను కూడా మనవాళ్ళు ఇంకో రెండొందల గజాలు ఈడ్చుకెళ్ళి తిన్నటి రోడ్డు మీద, కొండ వైపు కాకుండా వెడల్పున్న వైపు ఆపేవాళ్ళు. కొండ వైపు ఆపితే పైనుంచి రాయి పడొచ్చు. మంచులో అయితే అసలు ఆపేవాళ్ళు కాదు. డిమ్ లైటు వేసి, అద్దం నాలుగు వేళ్ళు దించి ఎదుటి హారన్ వింటూ, తెల్లగీత పట్టుకుని పోయేవాళ్ళు. మంచులో హై బీమ్ వేస్తే వెలుగు తిరిగి మన కళ్ళలోనే పడుతుంది.

2023 మార్చిలో మైసూరు ఎక్స్‌ప్రెస్ వే వచ్చాక బిడది తట్టె ఇడ్లీ, చన్నపట్న బొమ్మలు, మద్దూరు వడ అన్నీ పక్కకు తప్పుకున్నాయి. వాటికోసం ఇప్పుడు కావాలని పాత రోడ్డులోకి దిగాలి. దిగండి, వడ ఇంకా కరకరలాడుతూనే ఉంది. గంటన్నరలో మైసూరు దాటేసి, నంజనగూడు అరటిపళ్ళు కూడా కొనకుండా, గుండ్లుపేటకు చేరిపోతున్నారు. జులై, ఆగస్టుల్లో ఆ రోడ్డుకు రెండు పక్కలా బంతి, పొద్దుతిరుగుడు చేలు పూస్తాయి.

ఎంత ఖరీదైన బండినైనా ఆపే చోటు ఆ తర్వాత ఒకటి ఉంది. బండీపూర్ అడవి గేటు. 2009 నుంచి రాత్రి 9కి మూస్తారు, పొద్దున్న 6కి తీస్తారు. అంబులెన్సులు, కొన్ని ఆర్టీసీ బస్సులు తప్ప ఎవరినీ వదలరు. బెంగళూరులో ఆఫీసు అయ్యాక బయల్దేరితే ఆ గేటు దొరకదు, గుండ్లుపేటలోనే పడుకోవాలి. నాలుగున్నరకు లేచి, టీ తాగి, ఆరుకు ముందే గేటు దగ్గర వరసలో నిలబడితే ముందు కూరగాయల లారీలుంటాయి. వాటిని పోనివ్వాలి. హారన్ లేకుండా, 30 దాటకుండా, అద్దాలు దించుకుని వెనక మెల్లగా వెళ్తే మొదటి వంకలోనే జింకలు రోడ్డు పక్కకు వచ్చి ఉంటాయి. అక్కడ మాత్రం ఆపకూడదు.